జమా ఖర్చులు: హెడ్డాఫీసు తలలో, బ్రాంచి మెడలో

ఈ శీర్షికలో ఇంతవరకు నామినేషన్లు, లాకర్లు, డిపాజిట్ల మీద పన్ను కోత, పెద్దవాళ్ల పెన్షను కాగితాలు, ఇలా నాకు తెలిసిన సంగతులే రాస్తూ వచ్చాను. ఈసారి నాది కాని శాఖలోకి వెళుతున్నాను. బి.కాం. చదివి ముప్పై ఏళ్లుగా బ్యాంకులో సంతకాలు పోల్చుకునేవాడికి హార్మోన్లతో ఏం పని అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. కానీ చివరిదాకా చదవండి. మన సంఘంలో సుగరు మాత్రో, థైరాయిడ్ మాత్రో లేని ఇల్లు వెతికితే ఎన్ని దొరుకుతాయి?

సంగతేమిటంటే, మా అక్క కూతురు నర్సు. హిందూపురం పిల్ల. బెంగుళూరులోనే బి.ఎస్సి. నర్సింగు చదివి, ఇక్కడే ఒక ఆస్పత్రిలో ఐ.సి.యు.లో ఆరేళ్లుగా పని చేస్తోంది. విజయనగరలో మా ఇంట్లోనే ఉంటుంది. క్రిటికల్ కేర్ నర్సింగులో సర్టిఫికేట్ పరీక్షకు కట్టింది. గుండె, ఊపిరితిత్తులు, వెంటిలేటరు, వీటిలో ఏది అడిగినా గడగడా చెబుతుంది. ఎండోక్రైన్ అనే అధ్యాయం దగ్గర మాత్రం కిందటిసారి మార్కులు పోయి, కొద్దిలో తప్పింది. మళ్లీ ఫీజు కట్టింది. పాసైతే సీనియర్ నర్సు స్థానానికి వీలుంటుంది. ఊళ్లో తమ్ముడి ఇంజనీరింగు చదువు ఈ పిల్ల జీతం మీదే నడుస్తోంది.

మూడు నెలల క్రితం పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. "మామా, నువ్వు ప్రశ్నలడుగు, నేను చెప్తా. నీకు అర్థమయ్యేట్టు చెప్పగలిగితే నాకు వచ్చినట్టే" అంది. అప్పటి నుంచి రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో ఇదే కాలక్షేపం. జె.ఎ.ఐ.ఐ.బి., సి.ఎ.ఐ.ఐ.బి. పరీక్షలకు రాత్రిళ్లు చదివిన బ్యాంకు మిత్రులకు ఈ వాతావరణం కొత్తగా అనిపించదు. పగలు ఉద్యోగం, రాత్రి పుస్తకం. తేడా ఒక్కటే, మనకు చదివింది మర్చిపోతే లెడ్జరు కలవదు, సరిచేసుకోవచ్చు. వాళ్లకు ఆ అవకాశం ఎప్పుడూ ఉండదు.

ఇలాంటి పరీక్షలకు పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో క్రిటికల్ కేర్ నర్సుల సంఘం 1969లో పుట్టింది. 1976 నుంచి సి.సి.ఆర్.ఎన్. అనే పరీక్ష పెడుతున్నారు. మూడు గంటల్లో 150 ప్రశ్నలు. అందులో 25 ప్రశ్నలకు మార్కులుండవు, అవి కొత్త ప్రశ్నలను పరీక్షించడానికి కలిపినవి. అవేవో రాసేవాళ్లకు తెలియదు. మన దేశంలో ఇండియన్ సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ 1993లో ఏర్పడింది. వాళ్లు నర్సులకు డిప్లొమా నడుపుతున్నారు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కూడా క్రిటికల్ కేర్‌లో రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు రూపొందించింది. అంటే "సూది వేసే అమ్మాయి" అనుకునే రోజులు పోయాయన్నమాట. డాక్టరు రౌండ్సుకు వచ్చి చూసి వెళతారు. ఆ మంచం పక్కన ఎనిమిది గంటలో పన్నెండు గంటలో నిలబడేది నర్సు. ఏదైనా తేడా వస్తే ముందు కనబడేది ఆమె కళ్లకే.

సర్క్యులర్లు, రిమైండర్లు

మొదటి వారం నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. హైపోథాలమస్, పిట్యూటరీ, థైరాయిడ్, ఎడ్రినల్ అని పేర్లు చెప్పుకుంటూ పోతోంది. చివరకు నేనే, "ఆగమ్మాయ్, ఇది మా బ్యాంకే కదా" అన్నాను.

చూడండి. మెదడు అడుగున హైపోథాలమస్ ఉంది. అది హెడ్డాఫీసు. దాని కింద వేలాడుతూ బఠాణీ గింజంత పిట్యూటరీ, అంటే పీయూష గ్రంథి. అది జోనల్ ఆఫీసు. మెడలో థైరాయిడ్, మూత్రపిండాల నెత్తిన టోపీల్లాగా ఎడ్రినల్ గ్రంథులు, ఇవి బ్రాంచీలు. హార్మోన్లంటే సర్క్యులర్లు. తపాలా మార్గం రక్తం. హెడ్డాఫీసు జోనల్‌కు రాస్తుంది, జోనల్ బ్రాంచికి రాస్తుంది, బ్రాంచి పని చేసి ఆ లెక్క పైకి పంపుతుంది. లెక్క సరిపోతే పైవాళ్లు ఊరుకుంటారు. చాలకపోతే రిమైండరు వస్తుంది. అప్పటికీ కదలకపోతే రిమైండరు మీద రిమైండరు.

ఇప్పుడు మీ థైరాయిడ్ రిపోర్టు తీయండి. టి.ఎస్.హెచ్. ఎక్కువ, టి4 తక్కువ అని ఉందనుకోండి. టి.ఎస్.హెచ్. అంటే జోనల్ ఆఫీసు రాసే రిమైండరు. ఉత్తరాలు గుట్టలుగా వచ్చాయి, పని మాత్రం జరగలేదు. అంటే జబ్బు బ్రాంచిలో ఉంది. అదే టి4 తక్కువగా ఉండి కూడా టి.ఎస్.హెచ్. పెరగలేదంటే? బ్రాంచి మూతపడుతున్నా జోనల్ ఆఫీసు ఉత్తరం ముక్క రాయడం లేదు. అంటే జబ్బు పైన ఉండవచ్చు. ఈ తేడా మీద పరీక్షలో ప్రశ్న తప్పకుండా వస్తుందట. "ఇంత సులభంగా మా మేడం కూడా చెప్పలే మామా" అంది మా అమ్మాయి. నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

ఐ.సి.యు.కు వచ్చే థైరాయిడ్ రోగులు రెండు రకాలు. పని హద్దు మీరిన వాళ్లకు ఒళ్లు కాలిపోయే జ్వరం, పరుగెత్తే గుండె, కలవరింతలు. దీన్ని థైరాయిడ్ స్టార్మ్ అంటారు, గాలివాన లాంటిది. ఇందులో మందులకు వరుస ముఖ్యం. హార్మోను తయారీని ఆపే మందు ముందు, అయోడిన్ కనీసం గంట తర్వాత. వరుస తారుమారైతే అయోడిన్ కొత్త హార్మోనుకు ముడిసరుకై కూర్చుంటుంది. జ్వరానికి పారాసెటమాల్ ఇవ్వాలి కానీ ఆస్పిరిన్ ఇవ్వకూడదు. రెండో రకం పని పూర్తిగా మందగించిన వాళ్లు. ఒళ్లు చల్లబడుతుంది, నాడి నెమ్మదిస్తుంది, మనిషి మగతలోకి జారిపోతాడు. ఏళ్ల తరబడి మాత్ర మానేసిన ముసలివాళ్లు చలికాలంలో ఇలా వస్తారు.

థైరాయిడ్ అనగానే మనవాళ్లు గుర్తుంచుకోవలసిన పేరొకటి ఉంది. డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు. 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివారు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టరు, ఐ.సి.ఎం.ఆర్.కు డైరెక్టర్ జనరల్ అయ్యారు. హిమాలయాల పాదాల దగ్గర కాంగ్డా లోయలో గొంతువాపు జబ్బు ఇంటింటా ఉండేది. ఆయనా ఆయన సహచరులూ 1956లో అక్కడ ఒక అధ్యయనం మొదలుపెట్టారు. లోయను మూడు భాగాలు చేసి, రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక భాగానికి మామూలు ఉప్పు అందేలా చూశారు. ఆరేళ్లలో అయోడిన్ ఉప్పు తిన్న చోట గొంతువాపు బాగా తగ్గింది. తర్వాత మూడో భాగానికి కూడా అదే ఉప్పు ఇచ్చారు. దేశంలో గొంతువాపు నివారణ పథకం 1962లో మొదలైంది. మీ వంటింట్లో ఉప్పు పొట్లం మీద నవ్వుతున్న సూర్యుడి బొమ్మ ఉంటుంది చూడండి. అది అయోడిన్ ఉప్పుకు గుర్తు. ఆ చిటికెడు ఉప్పు వెనుక ఒక శ్రీకాకుళం మనిషి శ్రమ కూడా ఉంది.

సస్పెన్స్ అకౌంటు

ఇక అసలు అధ్యాయం సుగరు. ఐ.సి.ఎం.ఆర్. వారి అధ్యయనం 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్ల పైచిలుకు మందికి మధుమేహం ఉంది. అందరూ ఐ.సి.యు.కు రారు. వచ్చేవాళ్లలో ముఖ్యమైన జబ్బు పేరు డయాబెటిక్ కీటో ఎసిడోసిస్. డి.కె.ఎ. అంటారు.

రక్తంలో చక్కెర నిండుగా ఉంటుంది. కానీ అది కణంలోకి పోవాలంటే ఇన్సులిన్ అనే తాళంచెవి కావాలి. ఇన్సులిన్ లేదు. ఇంటినిండా డబ్బుండి, బీరువా తాళం దొరక్క, వడ్డీ వ్యాపారి దగ్గరకు పరుగెత్తినట్టు, ఒళ్లు కొవ్వును కరిగించుకుని బతకాలని చూస్తుంది. ఆ అప్పుకు వడ్డీయే కీటోన్లు. అవి ఆమ్లాలు. రక్తం పులుస్తుంది. వాంతులు, కడుపునొప్పి, లోతైన గసతో ఊపిరి, నోటి నుంచి పండు వాసన.

ఇక్కడ మా అమ్మాయి ఒక లెక్క చూపించింది. దాని పేరు ఆనియన్ గ్యాప్. రక్తంలో సోడియం అంకె తీసుకోండి. అందులోంచి క్లోరైడు, బైకార్బొనేటు రెండూ కలిపి తీసేయండి. ఉదాహరణకు సోడియం 140, క్లోరైడు 104, బైకార్బొనేటు 24. మిగిలేది 12. ఇది మామూలే. అదే డి.కె.ఎ. రోగికి సోడియం 134, క్లోరైడు 98, బైకార్బొనేటు 10 అనుకోండి. మిగిలేది 26. ఎక్కడి నుంచి వచ్చిందీ అదనం? మనం లెక్కలో రాయని ఆమ్లాలేవో రక్తంలో చేరాయన్నమాట.

నేను కుర్చీలోంచి లేచాను. ఇది సస్పెన్స్ అకౌంటు కాదూ! నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అన్నీ చేతిరాత లెడ్జర్లే. సాయంత్రం ట్రయల్ బ్యాలెన్సు కలవకపోతే తేడాను సస్పెన్సులో వేసి, ఆ తేడా తేలేదాకా ఎవరం ఇంటికి కదిలేవాళ్లం కాదు. వీళ్లూ అంతే. ఆ గ్యాప్ మూతబడేదాకా వైద్యం ఆపరు.

కిందటిసారి మా అమ్మాయి మార్కులు పోగొట్టుకున్న ప్రశ్న కూడా ఇక్కడిదే. గంటకు ఇంత అని ఇన్సులిన్ ఎక్కిస్తున్నారు. చక్కెర 480 నుంచి 240కి దిగింది. ఇప్పుడేం చేయాలి? ఇన్సులిన్ ఆపేయాలి అని మీరూ నేనూ అంటాం. తప్పు. గ్యాప్ ఇంకా మూతబడలేదు, కీటోన్లు రక్తంలోనే ఉన్నాయి. ఇన్సులిన్ ఆపితే మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి ఇన్సులిన్ సాగిస్తూనే, సెలైనులో డెక్స్‌ట్రోజు, అంటే చక్కెర, కలపాలి. సుగరు రోగికి చక్కెర ఎక్కించడమా అని వరండాలో బంధువులు గొడవ చేస్తారట. "కన్నడంలో చెప్పు, తెలుగులో చెప్పు, వినరు మామా" అంది. మీలో ఎవరికైనా ఆ పరిస్థితి వస్తే, ఆ నర్సును తిట్టకండి. ఆమె సస్పెన్సు తేల్చుతోంది.

ఇంకొక మెలిక ఉంది. ఇన్సులిన్ ఎక్కించే ముందు పొటాషియం చూడాలి. రక్తంలో పొటాషియం మామూలుగా కనబడుతుంది కానీ ఒంట్లో నిల్వ అడుగంటి ఉంటుంది. కౌంటరులో నోట్లు కనబడుతుంటే చెస్టు ఖాళీ అయిన సంగతి తెలియనట్టు. ఇన్సులిన్ పడగానే ఉన్న పొటాషియం కాస్తా కణాల్లోకి పోతుంది. రక్తంలో పడిపోతే గుండె లయ తప్పుతుంది. అందుకే 3.5 కంటే తక్కువ ఉంటే ముందు పొటాషియం, తర్వాతే ఇన్సులిన్.

పొటాషియంతో పాటు ఫాస్ఫరస్ కూడా ఇలాగే కణాల్లోకి జారిపోతుంది కాబట్టి దాన్నీ కొలుస్తారు. రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ఒకటి 1925లో హార్వర్డులో తయారైంది. దాని పేరు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. అవును, మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారే. తరతరాల వైద్య విద్యార్థులు ఆ పేరు చదువుకున్నారు. మా అమ్మాయికి ఈ సంగతి నేను చెప్పాను. మూడు నెలల్లో నేను ఆమెకు చెప్పిన వైద్య విషయం ఇదొక్కటే.

ఇన్సులిన్ కథ కూడా తెలుసుకోదగ్గది. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కలిసి దాన్ని బయటికి తీశారు. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇచ్చారు. అంతకు ముందు ఆ రకం సుగరు వచ్చిన పిల్లలకు చావు తప్ప దారి లేదు. పేటెంటు హక్కును యూనివర్సిటీకి ఒక్క డాలరుకు ఇచ్చేశారు. బ్యాంకు మనిషిగా చెబుతున్నాను, లోకంలో అంతకంటే ఉదారమైన అమ్మకపు దస్తావేజు నేను వినలేదు. మన బెంగుళూరుకూ ఈ కథలో చోటుంది. ఇక్కడి బయోకాన్ కంపెనీ ఈస్టు సాయంతో తయారు చేసిన మానవ ఇన్సులిన్‌ను 2004లో మార్కెట్లోకి తెచ్చింది.

పేరొకటే, జబ్బు వేరు

ఒక రాత్రి డ్యూటీ సంగతి మా అమ్మాయి చెప్పింది. మెదడుకు ఆపరేషను జరిగిన రోగి. తెల్లవారుజామున రెండింటికి మూత్రం సంచి చూసింది. నిండిపోయింది. ఖాళీ చేసింది. గంట తిరిగేసరికి మళ్లీ మూడు వందల మిల్లీలీటర్ల పైన. రంగు లేదు, కుళాయి నీళ్లలా ఉంది. మూడో గంటా అంతే. వెంటనే డ్యూటీ డాక్టరును లేపి, సోడియంకు రక్తం పంపించింది. అది 152 వచ్చింది.

ఈ జబ్బుకు పాత పేరు డయాబెటిస్ ఇన్సిపిడస్. చక్కెరతో దీనికి ఏ సంబంధమూ లేదు. ఒంట్లో నీటిని ఆపి ఉంచే వాసోప్రెసిన్ అనే హార్మోను పిట్యూటరీ నుంచి రాకపోతే నీళ్లన్నీ మూత్రంలో పోతాయి, సోడియం చిక్కబడుతుంది. దీనికి తిరగేసినది ఎస్.ఐ.ఎ.డి.హెచ్. అక్కడ ఆ హార్మోను ఎక్కువై నీళ్లు నిలిచిపోతాయి, సోడియం పలచబడుతుంది. ఒకటి అడ్డూ ఆపూ లేని విత్‌డ్రాయలు, ఒకటి డబ్బు బయటికి వదలని పిసినారి ఖాతా. రెంటిలోనూ సోడియాన్ని నెమ్మదిగా సరిచేయాలి. పలచబడిన సోడియాన్ని ఒక్కరోజులో గబగబా పెంచితే మెదడు నరాలు దెబ్బతింటాయి.

పేరులో "డయాబెటిస్" ఉన్నందువల్ల ప్రాణాలే పోయాయి. 2009లో లండనులో తుంటి ఆపరేషనుకు చేరిన 22 ఏళ్ల యువకుడికి ఈ జబ్బు ఉంది. ఆస్పత్రిలో అతనికి మందూ, తగినన్ని నీళ్లూ అందలేదు. దాహం తట్టుకోలేక పోలీసులకు ఫోను చేశాడు. మర్నాడు చనిపోయాడు. ఇలాంటి గందరగోళం వద్దని 2022లో వైద్య సంఘాలన్నీ కలిసి ఆ పేరు మార్చి, ఆర్జినిన్ వాసోప్రెసిన్ లోపం అని పెట్టాలని సూచించాయి. మా అమ్మాయి పుస్తకంలో పాత పేరే ఉంది. తనే పెన్సిలుతో పక్కన కొత్త పేరు రాసుకుంది. బెంగుళూరులో ఈ చిక్కు మరీ ఎక్కువ. "డయాబెటిస్" అని నోట వస్తే చాలు, ఇక్కడివాళ్లు "సక్కరె కాయిలె" అనుకుని రోగికి కాఫీలో చక్కెర మానిపించేస్తారు.

మా ఆవిడ మాత్రలు

ఇంతవరకు పుస్తకం సంగతి. ఇప్పుడు ఇంటి సంగతి.

మా ఆవిడకు కీళ్లవాపు. డాక్టరు రాసిన ప్రెడ్నిసొలోన్ ఎనిమిది నెలలుగా వేసుకుంటోంది. ముఖం ఉబ్బిందని, స్టెరాయిడ్లు మంచివి కావని, పెళ్లిలో కలిసిన ఒక బంధువు చెప్పారు. వాటిని మానేసి ఏదో చూర్ణం వాడమన్నారు. ఆదివారం నుంచి మానేద్దామని నిర్ణయించుకుంది కూడా. ఆ శుక్రవారం రాత్రి మా చదువు ఎడ్రినల్ అధ్యాయంలో ఉంది. కూరగాయలు తరుగుతూ వింటున్న ఆవిడ చేయి ఆగింది. "ఏమే, ఆ ముక్క మళ్లీ చెప్పు" అంది.

మా అమ్మాయి మళ్లీ చెప్పింది. ఎడ్రినల్ గ్రంథి రోజూ కార్టిసాల్ అనే హార్మోను తయారు చేస్తుంది. బయటి నుంచి మాత్ర రూపంలో అదే సరుకు నెలల తరబడి వస్తుంటే పైవాళ్లు "ఇక్కడ నిల్వ బాగానే ఉంది" అనుకుని సర్క్యులర్లు ఆపేస్తారు. బ్రాంచి నిద్రపోతుంది. పైనుంచి నిధులు వస్తున్నంత కాలం డిపాజిట్లు సేకరించడం మానేసిన బ్రాంచి ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఒక్కసారిగా ఆ నిధులు ఆపేస్తే? ఆ రోజే కౌంటరు ఖాళీ. రక్తపోటు పడిపోతుంది, వాంతులు, నీరసం, సోడియం తగ్గడం, చక్కెర పడిపోవడం. దీన్ని ఎడ్రినల్ క్రైసిస్ అంటారు. వెంటనే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజక్షను పడాలి. పరీక్షల రిపోర్టు వచ్చేదాకా ఆగకూడదు. ఆగితే ప్రాణం పోవచ్చు.

"అత్తా, ఈ మాత్రలు ఎప్పటికీ వేసుకోమని నేననడం లే. తగ్గించాలంటే డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గిస్తాడు. బ్రాంచి నిద్ర లేవడానికి వారాలు, నెలలు పడుతుంది. నువ్వుగా ఒక్క రోజులో ఆపొద్దు" అంది. మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. లోపలికి వెళ్లి చూర్ణం డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. సోమవారం ఇద్దరం డాక్టరు దగ్గరకు వెళ్లాం. ఆయన మోతాదు తగ్గించే పట్టిక రాసిచ్చారు. ఇప్పుడది మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది.

ఈ ఒక్క పేరా కోసమే ఈసారి శీర్షిక రాశానని చెప్పినా తప్పులేదు. మన ఇళ్లలో కీళ్లకు, ఉబ్బసానికి, చర్మానికి ఈ మాత్రలు నెలల తరబడి వేసుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. పేరు కూడా తెలియకుండా వేసుకునేవాళ్లూ ఉన్నారు.

ఇంటికి కొన్ని జాగ్రత్తలు

మా అమ్మాయిని అడిగి రాసుకున్నవి ఇవి. మీ డాక్టరు చెప్పిన దానికి ఇవి బదులు కావు. ఆయన్ను అడగడానికి పనికొస్తాయి.

చక్కెర 70 కంటే తగ్గితే, చెమట, వణుకు, తికమక మాటలు కనబడితే, మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆస్పత్రికి పరుగెత్తాలి. కొన్ని సుగరు మాత్రల ప్రభావం చాలా గంటలుంటుంది కాబట్టి ముసలివాళ్లకు తేరుకున్నాక మళ్లీ పడిపోవచ్చు. "లేచి కూర్చున్నారు కదా" అని వదిలేయకండి.

జ్వరం వచ్చింది, అన్నం సహించడం లేదు కదా అని ఇన్సులిన్ పూర్తిగా మానకూడదు. జబ్బు చేసినప్పుడు చక్కెర పెరుగుతుంది. ఎంత వేసుకోవాలో ఫోను చేసి అడగండి.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు ఈ మధ్య చాలామంది వాడుతున్నారు. మంచి మందులే. కానీ వీటితో చక్కెర మరీ పెరగకుండానే డి.కె.ఎ. రావచ్చు. ఏకాదశి, శివరాత్రి లాంటి కటిక ఉపవాసాలు, వాంతులు, ఆపరేషన్లు, ఇలాంటి వాటికి ముందుగానే డాక్టరుకు చెప్పండి.

విప్పని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలి, గడ్డకట్టే అరలో కాదు. గడ్డకట్టింది కరిగినా పనికిరాదు. వేసవిలో కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి.

పర్సులో ఒక చీటీ పెట్టుకోండి. మీ జబ్బు, మాత్రల పేర్లు, మోతాదులు, ఇంటి ఫోను నెంబరు. లాకరు తాళం ఎక్కడుందో పిల్లలకు చెప్పమని ఈ శీర్షికలో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. ఈ చీటీ కూడా అలాంటిదే. స్పృహ తప్పిన మనిషి పక్కన నిలబడిన నర్సుకు ఆ చీటీ ఒక్కటే పాస్‌బుక్కు.

ఈ సంచిక మీ చేతికి అందేసరికి మా అమ్మాయి పరీక్ష అయిపోయి ఉంటుంది. ఫలితం ఏమవుతుందో చెప్పలేను. తను మాత్రం నిన్న రాత్రి డ్యూటీకి వెళుతూ, "పాసైనా కాకపోయినా మామా, ఈ వారంలో ఒక పేషెంటు గ్యాప్ మూసినా" అంది. ఆ లెక్క ఏ మార్కుల పట్టికలోనూ ఎక్కదు. నా దృష్టిలో మాత్రం అది జమ వైపే రాయాలి.

వచ్చేసారి మళ్లీ మన దారిలోకి, పెద్దవాళ్ల జాయింటు ఖాతాల సంగతికి వద్దాం. అంతవరకు సెలవు.